మలుపుకు ఏ వైపు నిలబడాలి?

(కడపలో ఇంజనీరింగ్ విద్యార్థుల సమావేశంలో ఒక ర్యాలీ నావిగేటర్ చేసిన ప్రసంగ పాఠం. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసినది.)

వేదిక మీది పెద్దలకు, అధ్యాపకులకు, విద్యార్థి మిత్రులకు నమస్కారం. నన్ను పిలిచిన అధ్యాపకులు ఫోనులో "కారు రేసుల గురించి ఒక గంట మాట్లాడండి" అన్నారు. నేను మాట్లాడబోయేది రేసు గురించి కాదు, ర్యాలీ గురించి. అందులోనూ అడవి దారుల్లో, మట్టి రోడ్ల మీద జరిగే ర్యాలీ గురించి. ఈ రెండింటికీ ఉన్న తేడా తేలితే తప్ప తక్కిన మాటలు అర్థం కావు కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

రేసు చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలోనో, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలోనో జరుగుతుంది. కార్లన్నీ ఒక్కసారే బయలుదేరతాయి, ఎవరు ముందున్నారో మీ కంటికి కనపడుతూనే ఉంటుంది. ర్యాలీలో అలా కాదు. ఒక కారు వెళ్లిన నిమిషానికో రెండు నిమిషాలకో మరొక కారు బయలుదేరుతుంది. మామూలు వాహనాలు రాకుండా మూసివేసిన దారి మీద కొన్ని కిలోమీటర్ల దూరాన్ని ఎవరు తక్కువ సమయంలో దాటారన్నదే లెక్క. ఆ దూరాన్ని స్టేజీ అంటాం. ఒక స్టేజీకీ ఇంకో స్టేజీకీ మధ్య మామూలు రోడ్డు మీద, మామూలు ట్రాఫిక్కులో, మామూలు వేగంతో వెళ్లాలి. అక్కడ లారీ అడ్డం వస్తే ఆగాలి, సిగ్నల్ పడితే ఆగాలి, పోలీసు ఆపితే కాగితాలు చూపించాలి. అన్ని స్టేజీల సమయాలనూ కూడితే ఎవరిది తక్కువో వారే విజేత.

నావిగేటర్ చేతిలో టైమ్ కార్డు అని ఒకటి ఉంటుంది. ప్రతి టైమ్ కంట్రోల్ దగ్గరా, అంటే సమయం నమోదు చేసే ప్రతి చోటా, ఏ నిమిషానికి రావాలో ఆ నిమిషానికే దాన్ని ఇవ్వాలి. అంతర్జాతీయ నియమాల ప్రకారం ఒక నిమిషం ఆలస్యంగా వస్తే 10 సెకన్లు కలుపుతారు. ఒక నిమిషం ముందే వస్తే? వెనక నుంచి "ఏమీ కలపరు" అంటున్నారు ఎవరో. పూర్తిగా ఒక నిమిషం కలుపుతారు నాయనా. తొందరపడి ముందే వచ్చినవాడికే పెద్ద శిక్ష. ఇది చిన్న విషయమనుకోకండి. 2011లో జోర్డాన్ ర్యాలీలో ఫ్రెంచ్ డ్రైవర్ సెబాస్టియన్ ఓజియే గెలిచింది 0.2 సెకను తేడాతో. 2024లో సార్డీనియాలో అదే ఓజియే ఓడిపోయినదీ 0.2 సెకనుతోనే.

నేను నావిగేటర్‌ని. స్టీరింగ్ పట్టను, పక్కన కూర్చుని నోట్సు చదువుతాను. అంతర్జాతీయ పోటీల్లో కోడ్రైవర్ అంటారు, మన దగ్గర రెండు పేర్లూ నడుస్తాయి. ఆ సీటులో కూర్చుని నేర్చుకున్న విషయం ఒకటే ఉంది, దాని చుట్టూనే ఈ రోజు తిరుగుతాను. అడవి దారిలో కారు నడిపేవాడికి మలుపును చదవడం ఎంత అవసరమో, ఆ మలుపు దగ్గర నిలబడి చూసేవాడికీ అంతే అవసరం. డ్రైవర్‌కు నేర్పేవారు ఉన్నారు, లైసెన్సు ఇచ్చే సంఘం ఉంది, తనిఖీ ఉంది. చూసేవాడికి నేర్పేవారెవరు?

సరే, అడవే ఎందుకు? ఊళ్ల మధ్య తారు రోడ్డు మీద పెట్టుకోవచ్చు కదా? పెట్టుకుంటారు, తారు రోడ్డు ర్యాలీలూ ఉన్నాయి. అడవిలోకి వెళ్లడానికి ఒక చట్టపరమైన కారణం ఉంది. బ్రిటన్‌లో ప్రజలు నడిచే రోడ్ల మీద వేగపు పోటీ పెట్టడానికి ఆ రోజుల్లో చట్టం ఒప్పుకునేది కాదు. కానీ మొదటి ప్రపంచయుద్ధం తర్వాత కలప కొరత తీర్చడానికి 1919లో ఏర్పడిన అక్కడి అటవీ కమిషన్ దేశమంతటా తోటలు వేసి, దుంగలు మోసే లారీల కోసం కంకర దారులు పరిచింది. ఆ దారులు ప్రజల రోడ్లు కావు, ఆ సంస్థ సొంత దారులు. 1960లో బ్రిటన్‌లో జరిగే ఆర్.ఏ.సి. ర్యాలీ నిర్వాహకులు అనుమతి అడిగి స్కాట్లాండులో ఒక అడవి దారిని స్టేజీగా వాడుకున్నారు. ఆ ఏడాదీ, తర్వాతి రెండేళ్లూ గెలిచినది సాబ్ కారు నడిపిన స్వీడన్ దేశస్థుడు ఎరిక్ కార్ల్‌సన్. అంతకు ముందు ఆ ర్యాలీ చాలావరకు సమయపాలన పరీక్షగా ఉండేది. అడవిలోకి వెళ్లాక అది డ్రైవింగు పరీక్ష అయింది. ఫిన్లాండులో 1951 నుంచి జరుగుతున్న ర్యాలీ కూడా అటువంటి అడవి దారుల మీదే పేరు తెచ్చుకుంది. మన దేశంలో ఆ స్థానం చిక్కమగళూరు కాఫీ తోటలది. తోట సొంతదారుడిది, దారి సొంతదారుడిది. ఆయన సరే అంటే ఎవరి రాకపోకలకూ ఇబ్బంది లేకుండా దారి మూయవచ్చు. చూశారా, స్కాట్లాండులో పనిచేసిన కారణమే చిక్కమగళూరులోనూ పనిచేసింది.

ఇక నోట్సు దగ్గరకు వద్దాం. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మీలో చాలామంది డ్రైవర్ ఆ దారిని బట్టీ పట్టి నడుపుతాడని అనుకుంటారు. బట్టీ పట్టడం కుదరదు. ర్యాలీకి ముందు రెక్కీ ఉంటుంది. మామూలు కారులో, నిర్ణయించిన వేగం దాటకుండా, సాధారణంగా రెండుసార్లు ఆ దారిలో వెళ్లనిస్తారు. మొదటిసారి డ్రైవర్ చూస్తూ చెబుతాడు, నావిగేటర్ రాసుకుంటాడు. రెండోసారి నావిగేటర్ చదువుతాడు, డ్రైవర్ సరిచేస్తాడు. రెండుసార్లే. ఆ రెండు సార్లలో కొన్ని వందల మలుపులు కాగితం మీదికి రావాలి.

మలుపు ఎంత బిగువో అంకెతో చెప్పుకుంటాం. మేము వాడే పద్ధతిలో ఒకటి అంటే బాగా బిగువైన మలుపు, ఆరు అంటే దాదాపు నేరుగా పోయే మలుపు. కొందరు దీన్ని తలకిందులుగా వాడతారు, అందుకే కొత్త డ్రైవర్ పక్కన కూర్చునే ముందు అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఒక పంక్తి చెబుతాను వినండి: "హండ్రెడ్, రైట్ ఫైవ్ ఓవర్ క్రెస్ట్, ఇన్టు లెఫ్ట్ త్రీ టైటెన్స్, డోంట్ కట్." నూరు మీటర్లు నేరుగా ఉంది, తర్వాత మిట్ట మీదుగా కుడివైపు తేలిక మలుపు, మిట్ట దిగగానే ఎడమకు బిగువైన మలుపు, అది పోనుపోను ఇంకా బిగుసుకుంటుంది, లోపలి అంచును కోసుకుని పోవద్దు, అక్కడ రాయి ఉంది. ఇంత సమాచారం మూడు సెకన్లలో డ్రైవర్ చెవిలో పడాలి. గంటకు 90 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 25 మీటర్లు. నేను రెండు సెకన్లు ఆలస్యంగా చదివితే కారు 50 మీటర్లు ముందుకు వెళ్లిపోయి ఉంటుంది, నా మాట వెనకాల మిగిలిపోతుంది. మరీ ముందుగా చదివితే డ్రైవర్ దాన్ని మరచిపోతాడు. కనుక ఒకటి రెండు మలుపులు ముందుండేలా చదవాలి, ఆ ఒకటి రెండు కూడా ఆ డ్రైవర్ మనిషిని బట్టి ఉంటుంది.

ఒక ప్రశ్న అడుగుతాను. చదువుతున్నప్పుడు నావిగేటర్ రోడ్డు చూస్తాడా? ముందు వరుసలో అమ్మాయి "చూడాలి కదా సార్" అంటోంది. చాలాసేపు చూడడమ్మా. కళ్లు కాగితం మీదే ఉంటాయి. ఏ మలుపు దాటామో నడుముకు తెలుస్తుంది. ఎడమ మలుపులో ఒళ్లు కుడికి వాలుతుంది, మిట్ట మీద సీటు తేలికవుతుంది, దిగగానే బరువెక్కుతుంది. ఆ బరువులను బట్టి పంక్తి మీద వేలు జరుపుకుంటూ పోవడమే.

ఇప్పుడు ఒకే ఒక మలుపు తీసుకుందాం. చిక్కమగళూరు తోటల్లో ఉండే తరహా మలుపు. రెండు పక్కలా సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మొదళ్లకు చుట్టుకున్న మిరియాల తీగ, కింద కాఫీ మొక్కలు. ఉదయం పది దాటినా నీడలో ఎర్రమట్టి ఆరదు. దాని మీద రాలిన ఆకులు తడిసి అంటుకుని ఉంటాయి. లెఫ్ట్ త్రీ టైటెన్స్ అన్నానే, అదే మలుపు. మిట్ట మీద చక్రాలకు పట్టు తగ్గుతుంది కనుక డ్రైవర్ గట్టి బ్రేకు అక్కడ వేయడు, ముందే వేస్తాడు. బ్రేకు వేస్తే బరువు ముందు చక్రాల మీదికి వస్తుంది, వెనక భాగం తేలికవుతుంది, ఆ క్షణంలో స్టీరింగు తిప్పితే వెనక భాగం పక్కకు జారుతుంది. మనకు అది అదుపు తప్పినట్టు కనపడుతుంది. నిజానికి కారు ముక్కు మలుపు రాకముందే మలుపు చివరి వైపు చూస్తూ ఉంటుంది. ఆ తర్వాత డ్రైవర్ యాక్సిలరేటర్ తొక్కి చక్రాల తిప్పుడుతో కారును బయటికి లాగుతాడు. కంకర రాళ్లు ఇంజను అడుగున రక్షణగా ఉన్న సంప్ గార్డు పలకకు వడగళ్లలా తగులుతుంటే ఇంటర్‌కమ్ లేకపోతే పక్కవాడి మాట వినపడదు. ఈ మొత్తం వ్యవహారం మూడు నాలుగు సెకన్లు. నేను అప్పటికే దాని తర్వాతి మలుపు చదువుతూ ఉంటాను.

అదే మలుపును బయట నుంచి చూద్దాం. మీరు ముందుగా కారును చూడరు, వింటారు. చెట్ల మధ్య ఇంజను శబ్దం ఒక దిక్కు నుంచి వస్తున్నట్టు ఉండి, హఠాత్తుగా ఇంకో దిక్కు నుంచి వస్తుంది. పై మలుపులో ఉన్న మార్షల్, అంటే దారి భద్రత చూసే కార్యకర్త, విజిల్ ఊదుతాడు. ఆ తర్వాతే మిట్ట మీద కారు కనపడుతుంది. మీరు ఎక్కడ నిలబడి ఉన్నారు? తొంభై పాళ్లు కొత్తవాళ్లు మలుపు బయటి అంచున నిలబడతారు, ఎందుకంటే ఫోటో అక్కడే బాగా వస్తుంది, కారు మీ వైపే వస్తున్నట్టు ఉంటుంది. వస్తున్నట్టు ఉండడం కాదు, మీ వైపే వస్తుంది. ఆలస్యంగా బ్రేకు వేసినా, టైరు పగిలినా, చక్రం లోపలి రాయికి తగిలి కారు పల్టీ కొట్టినా అది వెళ్లేది బయటి అంచుకే. మీరు ఇంజనీరింగ్ పిల్లలు, స్పర్శరేఖ దిశలో పోయే వస్తువు గురించి నేను మీకు చెప్పాలా?

కనుక బయటి వైపు వద్దు. మలుపు లోపలి వైపు, దారికి బాగా ఎడంగా, దారికన్నా ఎత్తులో, కారు వచ్చే వైపు ముఖం పెట్టి నిలబడండి. లోపలి వైపు కూడా అంచున వద్దు, కారు లోపలి గట్టును కోసుకుని పోతుంది. మిట్ట దిగే చోట వద్దు, కారు ఎక్కడ దిగుతుందో డ్రైవర్‌కే పూర్తిగా తెలియదు. మలుపు చివర నేరుగా పోయే పక్క దారి ఖాళీగా ఉంది కదా అని అక్కడ నిలబడవద్దు, బ్రేకు పట్టనివాడు పోయేది దాంట్లోకే. కూర్చోవద్దు, లేచేసరికి ఆలస్యమవుతుంది. వెనక్కి పరుగెత్తడానికి చోటు ఉందో లేదో ముందే చూసుకోండి, వెనక ముళ్లకంచె ఉంటే అది మంచి చోటు కాదు.

"తాడు కట్టారు కదా, తాడు వెనకే ఉన్నాం కదా" అంటారు. మన జిల్లాల్లో బండలాగుడు పోటీలు చూసినవాళ్లే మీరందరూ. అక్కడ తాడు వెనక నిలబడితే చాలు, ఎందుకంటే ఎడ్లకు అడుగులు లెక్కపెట్టవచ్చు, పక్కన తోలేవాడు ఉంటాడు. ఇక్కడ తాడు మిమ్మల్ని ఆపుతుంది, కారును ఆపదు. మార్షల్ కుర్రవాడు మీకన్నా చిన్నవాడు కావచ్చు, జరగమంటే జరగండి. "మేము ఇక్కడివాళ్లం, మాకు తెలుసు" అనే మాట నేను చాలా చోట్ల విన్నాను. చోటు తెలుసు, నిజమే. కారు తెలియదు.

ఈ మాటలు ఊరికే భయపెట్టడానికి కాదు. 1986లో పోర్చుగల్ ర్యాలీ మొదటి రోజున రోడ్డుకు రెండు పక్కలా జనం గోడలా నిలబడ్డారు. ఆ రోజుల్లో దూసుకుపోతున్న కారును చేత్తో తాకడం ధైర్యంగా చెప్పుకునేవారు. ఒక కారు అదుపు తప్పి ఆ జనంలోకి వెళ్లింది, ముగ్గురు చనిపోయారు, ముప్ఫై మందికి పైగా గాయపడ్డారు. అదే ఏడాది మే నెలలో కోర్సికా ర్యాలీలో డ్రైవర్ హెన్రీ తోయివోనెన్, ఆయన నావిగేటర్ సెర్గియో క్రెస్టో కారు లోయలో పడి కాలిపోగా మరణించారు. గ్రూప్ బి అని పిలిచే ఆ బలమైన కార్లను ఆ సంవత్సరంతో నిలిపివేశారు. కార్లు మారాయి, జనం అంత త్వరగా మారలేదు. 2014లో స్కాట్లాండులో జిమ్ క్లార్క్ ర్యాలీలో ముగ్గురు ప్రేక్షకులు చనిపోయారు. మన దేశంలో 2019 సెప్టెంబరులో, రాజస్థాన్‌లోని బార్మేర్ జిల్లాలో, జాతీయ చాంపియన్‌షిప్ ర్యాలీ జరుగుతుండగా స్టేజీ కోసం మూసిన రోడ్డు మీదికి ఒక మోటారు సైకిలు వచ్చింది. పోటీ కారు ఢీకొని ఒకే కుటుంబానికి చెందిన ముగ్గురు మరణించారు. వారు ప్రేక్షకులు కూడా కాదు, తమ దారిన తాము పోతున్నవారు.

అందుకే మొదటి పోటీ కారుకు ముందు కొన్ని అధికారిక కార్లు వెళతాయి. వాటిలో చివరిది జీరో కారు. అది దాటిందంటే ఆ దారి మీద కాలు పెట్టకూడదు. చివరి పోటీ కారు తర్వాత స్వీపర్ కారు వస్తుంది. అది దాటేదాకా దారి మూసి ఉన్నట్టే. ఈ రెండు కార్ల మధ్య ఎంత నిశ్శబ్దంగా ఉన్నా, అరగంట ఏ కారూ రాకపోయినా, దారి దాటవద్దు. కార్లు ఆగిపోయాయంటే ముందెక్కడో ప్రమాదం జరిగి ఉండవచ్చు, ఆ తర్వాత ఎప్పుడైనా తిరిగి మొదలుకావచ్చు.

ఇక చూడడంలో ఉన్న రుచి. జనం ఎక్కువగా గెంతు చూడడానికి వస్తారు. ఫిన్లాండులోని ఔనిన్‌పోహ్యా స్టేజీ గెంతులకే పేరు పొందింది, 2003లో అక్కడ మార్కో మార్టిన్ కారు 57 మీటర్లు గాలిలో పోయింది. బాగుంటుంది, కాదనను. కానీ నా మటుకు నాకు గెంతు అంత గొప్పగా అనిపించదు. గాలిలో ఉన్న కారుకు బ్రేకు లేదు, స్టీరింగు లేదు, వేగం పెంచే వీలు లేదు. మంచి డ్రైవర్ వీలైనంత తక్కువ ఎగరడానికి చూస్తాడు. డ్రైవర్లను పోల్చాలంటే ఒక బిగుసుకునే మలుపు దగ్గర నిలబడి, ఒక్కొక్కరు ఎక్కడ బ్రేకు తీస్తున్నారో, ఎక్కడ మళ్లీ యాక్సిలరేటర్ తొక్కుతున్నారో చెవితో పట్టుకోండి. ఇంజను శబ్దం ఒకసారి తగ్గి ఒకసారి పెరిగితే ఆ డ్రైవర్‌కు మలుపు ముందే తెలుసు. రెండు మూడు సార్లు తడబడితే నోట్సులోనో, నమ్మకంలోనో ఎక్కడో తేడా ఉంది. ఫోను తెరలో చూసేవారికి ఇది అందదు. దయచేసి ఒక కారునైనా ఫోను జేబులో పెట్టుకుని చూడండి.

ఇంకొకటి గమనించండి. వదులు కంకర పరిచిన దారి మీద మొదట వెళ్లేవాడు చీపురు పని చేస్తాడు. పై కంకరను అతడు పక్కకు తోసేస్తే వెనకవారికి గట్టి నేల దొరుకుతుంది. అయితే అదే స్టేజీని మధ్యాహ్నం మళ్లీ నడిపేసరికి దారి గాడులు పడి, పొద్దున లేని రాళ్లు పైకి తేలి ఉంటాయి. పొద్దున రాసిన నోట్సు మధ్యాహ్నానికి సగం పాతబడుతుంది. గాలి లేని రోజున ముందు కారు లేపిన దుమ్ము చెట్ల మధ్యే వేలాడుతుంది, వెనకవాడికి బానెట్టు చివర కూడా కనపడదు. అప్పుడు నిర్వాహకులు కార్ల మధ్య వ్యవధి పెంచుతారు.

కారు దారి తప్పి ఆగిపోతే సిబ్బంది ఏం చేయాలో నియమం ఉంది. బాగానే ఉంటే ఓకే అని రాసిన బోర్డు వెనకవారికి చూపాలి, కారుకు కనీసం 50 మీటర్లు వెనక, తర్వాతి కార్లు వచ్చే వైపు, ఎర్ర త్రికోణం పెట్టాలి. వైద్యం కావలసి వస్తే ఎస్ఓఎస్ అని ఉన్న ఎర్ర బోర్డు. ఆ బోర్డు చూసిన పోటీదారు తప్పకుండా ఆగాలి, పోటీ అతడికి అక్కడితో ఆగిపోయినా సరే. ఈ క్రీడలో నాకు అన్నిటికన్నా నచ్చిన నియమం ఇదే. గడియారంతో పోటీపడేవాడు గడియారాన్ని వదిలేసి పక్కవాడి తలుపు తెరుస్తాడు.

చివరిగా, మీరందరూ అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. "మన నల్లమలలో, మన లంకమలలో ర్యాలీ ఎందుకు పెట్టరు?" పెట్టకూడదు, పెట్టనివ్వరు. నల్లమలలో ఉన్నది పులుల అభయారణ్యం. శ్రీశైలం దారిలో రాత్రిపూట మామూలు బండ్లనే గేటు దగ్గర ఆపుతారు, ఇక పోటీ కార్లను వదులుతారా? లంకమల అభయారణ్యం కలివికోడిది. ఎన్నో దశాబ్దాలుగా కనపడక, అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో మన సిద్దవటం దగ్గర మళ్లీ దొరికింది. దాని కోసం తెలుగుగంగ కాలువనే దారి మళ్లించారు. కాలువ పక్కకు జరిగిన చోట కారు ర్యాలీ ఎవరికి కావాలి? మీరు బైకు మీద గువ్వలచెరువు ఘాట్‌కు వెళ్లి కోవా తిని రండి, అక్కడ కూడా ర్యాలీ మాత్రం చేయకండి. అది మూసిన దారి కాదు, ఎదురుగా లారీ వస్తుంది.

మరి ఎక్కడ? స్కాట్లాండు విషయంలో చెప్పిన కారణమే ఇక్కడా చెబుతాను. ప్రజలవి కాని దారులు వెతకండి. కోయంబత్తూరు వైపు కేతనూరు గాలిమరల మధ్య దారుల్లో జాతీయ ర్యాలీ స్టేజీలు నడిచాయి. మనకూ అనంతపురం వైపు రామగిరి కొండల మీద గాలిమరలున్నాయి, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నాపరాతి గనుల దారులున్నాయి, ప్రైవేటు తోటలున్నాయి. సొంతదారుడి అనుమతి, పంచాయతీ, పోలీసు, అంబులెన్సు, ప్రతి అడ్డదారికీ ఒక మనిషి, ఇవన్నీ కుదరాలి. కారు సంపాదించడం వీటన్నిటికన్నా తేలిక. పోటీ చేయాలనుకునేవారు డ్రైవర్లయినా నావిగేటర్లయినా దేశంలో మోటారు క్రీడలను చూసే సంఘం ఎఫ్.ఎం.ఎస్.సి.ఐ. ఇచ్చే లైసెన్సు తీసుకోవాలి. అంతకు ముందు బెంగళూరు వైపు జరిగే ఏదైనా ర్యాలీకి మార్షల్‌గా వెళ్లండి, నిర్వాహకులకు మనుషులు ఎప్పుడూ చాలరు. ఒక మలుపు దగ్గర పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడితే, ఇప్పుడు నేను గంటసేపు చెప్పినదంతా కళ్లెదుటే జరుగుతుంది. నిండు ప్యాంటు, బూట్లు, టోపీ, రెండు సీసాల నీళ్లు తీసుకెళ్లండి. మధ్యాహ్నం భోజనం పొట్లం ఇస్తారు, అది ఏ వేళకు వస్తుందో మాత్రం ఏ టైమ్ కార్డులోనూ రాసి ఉండదు.